టోకు ఇంటర్నెట్ స్లాబ్ బంద్ అయితే: వరంగల్ ప్రాంత ఆపరేటర్లు తరచుగా అడిగే ప్రశ్నలు

హనుమకొండ, కాజీపేట, నర్సంపేట, పరకాల, జనగామ, ములుగు, భూపాలపల్లి వైపు ఇళ్లకు, దుకాణాలకు ఫైబర్ నెట్ ఇచ్చే చిన్న ఆపరేటర్ల కోసం ఈ పేజీ. పై కంపెనీ టోకున ఇచ్చే స్పీడ్ స్లాబుల్లో ఒకదాన్ని ఎత్తేసినప్పుడు చట్టం ఎంతవరకు అడ్డుపడుతుంది, ఎక్కడినుంచి మీ అగ్రిమెంటే దిక్కు, కనెక్షన్లు పడిపోకుండా మార్పు ఎట్లా చేయాలి అన్నవి ఇందులో చూడొచ్చు.

మా పై కంపెనీ "30 ఎంబీపీఎస్ స్లాబ్ బంద్ చేస్తున్నాం" అని మెయిల్ పెట్టింది. ముందుగా ఏం చూడాలి?

ఆ స్లాబ్ మీకు ఏ రూపంలో వస్తోందో చూడండి. మన దగ్గర మూడు రూపాలు నడుస్తున్నాయి. ఒకటి, కనెక్షన్ లెక్కన: ఒక్కో యూజర్ ఐడీకి 30, 50, 100 అని స్పీడు, దానికో టోకు రేటు. ఫ్రాంచైజీలు, కేబుల్ టీవీతోపాటు నెట్ ఇచ్చేవాళ్లు ఎక్కువగా ఇందులోనే ఉంటారు. రెండోది, మొత్తంగా బ్యాండ్‌విడ్త్: 500 ఎంబీపీఎస్, 1 జీబీపీఎస్ అని ఒక పోర్ట్ మీద తీసుకొని, స్పీడులు మీ బ్రాస్ రౌటర్‌లో (కస్టమర్ల లాగిన్‌లు, స్పీడులు నడిపే రౌటర్) మీరే పెట్టుకుంటారు. మూడోది, హైదరాబాద్ నుంచి వరంగల్ దాకా పాయింట్ టు పాయింట్ లీజ్డ్ సర్క్యూట్, అంటే రెండు చోట్ల మధ్య మీకోసమే అద్దెకు తీసుకునే లైన్. మొదటి రూపంలో స్లాబ్ పోతే ప్రతి కస్టమర్ ప్లాన్ కదులుతుంది. రెండో రూపంలో కస్టమర్‌కు తెలియకుండానే పని అయిపోవచ్చు, భారం మీ బిల్లు మీద, మీ పోర్ట్ మీద పడుతుంది. మూడో దానికి మాత్రమే ధరల మీద ట్రాయ్ (దేశ టెలికాం నియంత్రణ సంస్థ) నియంత్రణ కొంత ఉంది. ఆ సంగతి కింద వేరే ప్రశ్నలో ఉంది.

స్లాబ్ ఎత్తెయ్యడానికి వాళ్లు ట్రాయ్ దగ్గర ముందస్తు అనుమతి తీసుకోవాలా?

అక్కర్లేదు. చాలామంది ఆపరేటర్లు ఇక్కడే ఆశ పెట్టుకొని రోజులు పోగొట్టుకుంటారు కాబట్టి ముందే చెప్తున్నాం. ఇంటర్నెట్ ధరలను, స్లాబులను ట్రాయ్ కంపెనీలకే వదిలేసింది. 1999 నాటి టెలికమ్యూనికేషన్ టారిఫ్ ఆర్డర్ ప్రకారం ప్లాన్‌ను అమల్లోకి తెచ్చాక 7 పనిదినాల్లోగా ట్రాయ్‌కి రిపోర్ట్ చేస్తే చాలు. అంటే ముందు అడగడం లేదు, తర్వాత చెప్పడం ఉంది. ఆ రిపోర్ట్ కూడా కస్టమర్‌కు అమ్మే రిటైల్ టారిఫ్ గురించి. మీకూ పై కంపెనీకీ మధ్య ఉన్నది వ్యాపార ఒప్పందం. అందులో ఏం రాసుకున్నారో అదే మీకు రక్షణ.

మెయిల్‌లో "ట్రాయ్ ఆదేశాల ప్రకారం" అని రాశారు కదా?

ఆ ఆర్డర్ నంబరు, తేదీ రాతపూర్వకంగా అడగండి. ఎక్కువసార్లు చూపించే కారణం బ్రాడ్‌బ్యాండ్ నిర్వచనం. 2013 నుంచి కనీస డౌన్‌లోడ్ స్పీడు 512 కేబీపీఎస్‌గా ఉండేది. 2023 జనవరిలో టెలికాం శాఖ దాన్ని 2 ఎంబీపీఎస్‌కు పెంచింది. దాని వల్ల 2 ఎంబీపీఎస్ కంటే తక్కువ ఇచ్చేదాన్ని బ్రాడ్‌బ్యాండ్ అని పిలవకూడదు, అంతవరకే. 30, 50 ఎంబీపీఎస్ స్లాబులకు దాంతో ఏ సంబంధమూ లేదు. వాటిని తీసేయడం కంపెనీ సొంత వ్యాపార నిర్ణయం. ఆ మాట వాళ్లతో రాయించుకుంటే రేట్ల బేరంలో మీ చెయ్యి పైన ఉంటుంది.

వేరే దేశాల్లో ఇట్లాంటి వాటికి అనుమతి తప్పనిసరి అంటారు. నిజమేనా?

కొన్ని చోట్ల నిజమే. అక్కడి పద్ధతి తెలిసి ఉంటే మీ అగ్రిమెంట్‌లో ఏం అడగాలో స్పష్టంగా తెలుస్తుంది.

కెనడాలో పెద్ద కంపెనీలు చిన్న ఐఎస్‌పీలకు (ఇంటర్నెట్ సర్వీసు అమ్మే కంపెనీలకు) ఇచ్చే టోకు సర్వీసుల్లో చాలావాటికి సీఆర్‌టీసీ అనే నియంత్రణ సంస్థ ఆమోదించిన టారిఫ్ ఉంటుంది. ఆమోదం ఉన్న సర్వీసును తీసేయాలంటే మళ్లీ ఆ సంస్థ దగ్గరికే దరఖాస్తుతో పోవాలి. అక్కడ రెండు మెట్లు ఉంటాయి. మొదటి మెట్టులో కొత్తవాళ్లకు ఇవ్వడం ఆపి, పాతవాళ్లకు కొనసాగిస్తారు. రెండో మెట్టులో పూర్తిగా తీసేస్తారు. దరఖాస్తులో ఎందుకు తీస్తున్నారు, ఎప్పుడు తీస్తారు, బదులుగా ఏ సర్వీసు ఉంది, ఎందరు కస్టమర్లు దెబ్బతింటారు, వాళ్లను ఎట్లా మారుస్తారు, వాళ్లకు పంపిన నోటీసు నకలు అన్నీ చూపాలి. దెబ్బతినేవాళ్లు అభ్యంతరం రాసుకునే వీలుంటుంది. 2010లో అదే సంస్థ ఇంకో నియమం కూడా పెట్టింది: పెద్ద కంపెనీ తన రిటైల్ కస్టమర్లకు ఏ స్పీడులు ఇస్తుందో, వాటికి సరిపోలే స్పీడులు టోకులోనూ ఇవ్వాలి. అందుకే అక్కడ కంపెనీ రిటైల్‌లో ఒక స్పీడును ఆపినప్పుడు టోకు స్లాబ్ ప్రశ్న కూడా వెంటనే ముందుకొస్తుంది.

అమెరికాలో 1934 కమ్యూనికేషన్స్ చట్టం 214వ సెక్షన్ కింద ఒక ప్రాంతానికి ఇచ్చే టెలికాం సర్వీసును ఆపాలంటే అక్కడి నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీకి దరఖాస్తు చేయాలి. అభ్యంతరం ఏదీ నిలబడకపోతే మార్కెట్‌లో ఆధిపత్యం లేని కంపెనీకి 31 రోజుల్లో, ఆధిపత్యం ఉన్న కంపెనీకి 60 రోజుల్లో అనుమతి దానంతటదే వచ్చేస్తుంది. మామూలు బ్రాడ్‌బ్యాండ్ ఇంటర్నెట్ ఈ సెక్షన్ పరిధిలోకి రావడం లేదు. టెలికాం సర్వీసుగా లెక్కించే లైన్లకే అది పనికొస్తుంది.

బ్రిటన్‌లో నియంత్రణ సంస్థ ఆఫ్‌కామ్ వేరే దారి పట్టింది. ఒక ఎక్స్ఛేంజ్ పరిధిలో 75 శాతం ఇళ్లకు అల్ట్రాఫాస్ట్ ఫైబర్ అందుబాటులోకి వచ్చాక, ఏడాది ముందు నోటీసు ఇచ్చి, లైన్ల నెట్‌వర్క్ నడిపే ఓపెన్‌రీచ్ అక్కడ కొత్త రాగి కనెక్షన్ల అమ్మకం ఆపొచ్చు. పాత టోకు లైన్ అద్దె సర్వీసు కొత్త అమ్మకాలు దేశమంతా 2023 సెప్టెంబరులో ఆగాయి. పూర్తి ముగింపు గడువును మొదట పెట్టిన 2025 నుంచి 2027 జనవరికి జరిపారు.

ఈ మూడింట్లో మన పనికొచ్చేవి: కొత్త అమ్మకాలు ఆపే తేదీ, పూర్తిగా తీసేసే తేదీ వేర్వేరుగా ఉండటం, బదులు సర్వీసు పేరు, రేటు ముందే చెప్పడం, అభ్యంతరానికి గడువు. మన దగ్గర ఇవేవీ చట్టం నుంచి రావు కాబట్టి అగ్రిమెంట్‌లో రాయించుకోవాలి.

యూనిఫైడ్ లైసెన్స్‌లో 60 రోజులు, 30 రోజుల నోటీసు ఉంది కదా?

యూనిఫైడ్ లైసెన్స్ అంటే టెలికాం సేవలకు ప్రభుత్వం ఇచ్చే లైసెన్స్. ఆ నోటీసు లైసెన్స్ మొత్తాన్ని వదులుకునే కంపెనీ గురించి. వదులుకోవాలంటే ప్రభుత్వానికి కనీసం 60 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి, కస్టమర్లందరికీ 30 రోజుల నోటీసు పంపాలి. ఒక స్లాబ్ తీసేయడం దాని కిందికి రాదు. అయినా బేరంలో దీన్ని కొలమానంగా పెట్టొచ్చు: దుకాణం మూసేవాడే 30 రోజులు ఇవ్వాల్సి ఉంటే, నడుపుతున్నవాడు స్లాబ్ మార్చడానికి కనీసం 90 రోజులు ఇవ్వడం న్యాయమే.

ఆరు నెలలు ప్లాన్ మార్చకూడదన్న నిబంధన సంగతేమిటి?

టారిఫ్ ఆర్డర్‌కు 2004లో చేసిన సవరణ అది. కస్టమర్ ఒక ప్లాన్‌లో చేరిన రోజు నుంచి కనీసం ఆరు నెలలు ఆ ప్లాన్ అతనికి అందుబాటులో ఉంచాలి. కస్టమర్ మాత్రం మధ్యలోనే వేరే ప్లాన్‌కు మారొచ్చు. అయితే దాన్ని యాక్సెస్ ప్రొవైడర్లను (ఫోన్ సర్వీసు ఇచ్చే కంపెనీలను) ఉద్దేశించి రాశారు. ఒట్టి ఐఎస్‌పీ లైసెన్స్ ఉన్న కంపెనీ తనకు వర్తించదని వాదించే వీలుంది. కాబట్టి దీని ఒక్కదాని మీదే ఆధారపడి లీగల్ నోటీసు పంపొద్దు. మీ సొంత కస్టమర్ల విషయంలో మాత్రం దీన్ని పాటించండి. ఆరు నెలలు నిండనివాళ్లను ఒప్పుకోకుండా ఎక్కువ రేటుకు మారిస్తే, గొడవ వినియోగదారుల కమిషన్‌కు పోయినప్పుడు మీ పక్షాన చెప్పుకోవడానికి ఏమీ మిగలదు.

మేం ఫ్రాంచైజీ. మా హక్కులు లైసెన్స్ ఉన్న ఐఎస్‌పీకి ఉన్నంత ఉంటాయా?

ఉండవు, ఈ తేడా పెద్దది. ఫ్రాంచైజీ అంటే లైసెన్స్ ఉన్న కంపెనీకి ఏజెంటు. చట్టం దృష్టిలో కస్టమర్ ఆ కంపెనీ కస్టమరే, సర్వీసు బాధ్యతా దానిదే. అందుకే స్లాబ్ తీసేస్తే కస్టమర్‌కు జవాబు చెప్పాల్సింది కూడా ఆ కంపెనీయే. ఇది మీకు కొంత బలం. కానీ మీ కమీషన్, రెవెన్యూ వాటా తగ్గితే టెలికాం వివాదాల ట్రిబ్యునల్ టీడీశాట్‌కు పోవడం కష్టం. ట్రాయ్ చట్టం 14వ సెక్షన్ కింద ఆ ట్రిబ్యునల్ వినేది ప్రధానంగా సర్వీస్ ప్రొవైడర్ల మధ్య వివాదాలు, లైసెన్స్ ఇచ్చినవాళ్లకూ తీసుకున్నవాళ్లకూ మధ్య వివాదాలు, కస్టమర్ల సమూహం తెచ్చేవి. ఫ్రాంచైజీకి దారి అగ్రిమెంట్‌లోని మధ్యవర్తిత్వ క్లాజు, లేదంటే సివిల్ కోర్టు.

మీకే ఐఎస్‌పీ కేటగిరీ సీ (చిన్న ప్రాంతానికి) లైసెన్స్ గాని, కేటగిరీ బీ (టెలికాం సర్కిల్ అంతటికీ) లైసెన్స్ గాని ఉండి పై కంపెనీ దగ్గర బ్యాండ్‌విడ్త్ కొంటుంటే టీడీశాట్ తలుపు తెరిచే ఉంటుంది. వీఎన్‌ఓ (వేరే కంపెనీ నెట్‌వర్క్ మీద సర్వీసు అమ్మే) లైసెన్స్ ఉన్నవాళ్లకూ అంతే. వీళ్లందరికీ ఇంకో వెసులుబాటు ఉంది: పై కంపెనీని మార్చుకోవచ్చు, కస్టమర్లు మీవాళ్లే. ఫ్రాంచైజీ కంపెనీ మారిస్తే కస్టమర్ల దగ్గర కొత్త దరఖాస్తు ఫారం, గుర్తింపు పత్రాలు మళ్లీ తీసుకోవాలి.

నోటీసు చేతికొచ్చిన మొదటి వారంలో చేయాల్సిన పనులు?

మొదట అగ్రిమెంట్ తీసి మూడు క్లాజులు వెతకండి: సర్వీసు మార్పు, ధరల సవరణ, నోటీసు ఇచ్చే పద్ధతి. చాలా అగ్రిమెంట్లలో నోటీసు రిజిస్టర్డ్ పోస్టులో గాని, పేర్కొన్న మెయిల్‌కు గాని రావాలని ఉంటుంది. వాట్సాప్ గ్రూపులో మెసేజ్ పెట్టి "నోటీసు ఇచ్చాం" అంటే గడువు అప్పటినుంచి మొదలైనట్టు ఒప్పుకోవద్దు. మీ అభ్యంతరం కూడా అదే పద్ధతిలో పంపండి.

తర్వాత రేడియస్ ప్యానెల్ (కస్టమర్ల లాగిన్‌లు, ప్లాన్లు చూసే సాఫ్ట్‌వేర్) నుంచి ఎక్సెల్ దించుకోండి. కాలమ్‌లు: యూజర్ ఐడీ, స్లాబ్, చేరిన తేదీ, ప్లాన్ ముగిసే తేదీ, ఎన్ని నెలలకు ముందే కట్టారు, ఓఎల్‌టీ (మీ ఆఫీసు వైపు ఫైబర్ పరికరం), పాన్ పోర్ట్ (అందులోంచి ఒక వాడకు పోయే ఫైబర్ పోర్ట్), ఓఎన్‌యూ (కస్టమర్ ఇంట్లో ఉండే డబ్బా) మోడల్, స్టాటిక్ ఐపీ (మారని ఐపీ చిరునామా) ఉందా. ఈ ఒక్క ఫైలు మీదే మిగతా పనంతా నడుస్తుంది. ఓఎన్‌యూ మోడల్ కాలమ్ ఖాళీగా ఉంటే ఓఎల్‌టీలోంచి తీసి నింపండి, దాన్ని వదిలేసినవాళ్లకు ఆఖర్లో చిక్కొస్తుంది.

మూడో పని, పై కంపెనీకి ఒకే మెయిల్‌లో ఐదు ప్రశ్నలు: కొత్త కనెక్షన్లు ఆపే తేదీ ఏది, పాతవి ఆగే తేదీ ఏది, బదులు స్లాబ్ టోకు రేటు జీఎస్టీ కాకుండా ఎంత, ముందే డబ్బు కట్టినవాళ్లకు పాత రేటు ముగింపు తేదీ దాకా ఉంటుందా, మార్పు వాళ్లే చేస్తారా మీరు చేయాలా.

కొత్త అమ్మకాలు ఆపే తేదీ వల్ల మాకేం ఇబ్బంది? పాతవాళ్లు ఉంటారు కదా?

ఇబ్బందంతా ఆ తేదీ దగ్గరే మొదలవుతుంది. ఆ రోజు నుంచి సిస్టమ్ పాత స్లాబ్‌లో ఏ కొత్త ఎంట్రీనీ తీసుకోదు. మీరు కొత్త కనెక్షన్ అనుకోనివి కూడా సిస్టమ్‌కు కొత్తే: ఇల్లు మారిన కస్టమర్, పేరు మార్పు, డబ్బు కట్టక సస్పెండ్ అయి మళ్లీ వచ్చినవాడు, కొన్ని ప్యానెళ్లలో ఓఎన్‌యూ కాలిపోతే కొత్తది ఎక్కించడం కూడా. వానాకాలంలో పిడుగులకు ఓఎన్‌యూలు పోయే ములుగు, ఏటూరునాగారం వైపు ఇది గట్టిగా తగులుతుంది. అందుకే "పాత కనెక్షన్‌కు పరికరం మార్పు, చిరునామా మార్పు, 30 రోజుల లోపు రీయాక్టివేషన్ కొత్త కనెక్షన్‌గా లెక్కించరాదు" అని ఒక వాక్యం రాయించుకోండి.

బిల్లు ఎంత పెరుగుతుందో ఎట్లా లెక్కేయాలి?

లెక్క అర్థం కావడానికి అంకెలు తీసుకుందాం. 30 స్లాబ్‌లో 600 కనెక్షన్లు, పాత టోకు రేటు 150 రూపాయలు, కొత్త స్లాబ్ రేటు 190. తేడా 40. నెలకు 24,000, జీఎస్టీ 18 శాతం కలిపితే 28,320. జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉండి ఇన్‌పుట్ క్రెడిట్ తీసుకుంటే అసలు భారం 24,000 దగ్గరే ఆగుతుంది. లేకపోతే మొత్తం మీ జేబులోంచే.

దీని వెనక ఇంకో ఖర్చు దాగి ఉంటుంది. ఆ 600 మందిలో 140 మంది ఏడాదికి ముందే కట్టారు, సగటున 7 నెలలు మిగిలి ఉన్నాయి అనుకోండి. 140 ఇంటూ 7 ఇంటూ 40, మొత్తం 39,200 రూపాయలు. వాళ్ల దగ్గర ఇప్పుడు అడగలేరు, అడగకూడదు కూడా. పై కంపెనీతో బేరం పెట్టాల్సిన మొదటి మొత్తం ఇదే. ఎక్సెల్ చూపించి అడిగితే, ముగింపు తేదీ దాకా పాత రేటు ఉంచడం వాళ్లకూ పెద్ద నష్టం కాదు.

స్లాబ్ 30 నుంచి 100కు పెరిగితే బ్యాండ్‌విడ్త్ మూడింతలు కావాలా?

అక్కర్లేదు. సినిమా చూసేవాడు 100 ఇచ్చినా అంతే బిట్లు లాగుతాడు. డౌన్‌లోడ్లు తొందరగా ముగుస్తాయి, గ్రాఫ్‌లో శిఖరాలు కొంచెం నిటారుగా లేస్తాయి. ప్లానింగ్‌కు ఇప్పటి పీక్ (అత్యధిక వాడకం) మీద 30 శాతం కలుపుకోండి. పీక్ 900 ఎంబీపీఎస్ ఉంటే 1,170 అవుతుంది, అంటే 1 జీ పోర్ట్ చాలదు.

పీక్‌ను ఎంఆర్‌టీజీలో (లింకు వాడకాన్ని గ్రాఫ్‌గా చూపే సాఫ్ట్‌వేర్) రోజు గ్రాఫ్ నుంచే తీసుకోండి, అది 5 నిమిషాల సగటు. వారం గ్రాఫ్ అరగంట సగటు, నెల గ్రాఫ్ 2 గంటల సగటు. వాటిలో శిఖరం చదునైపోతుంది. మీ బిల్లింగ్ 95 పర్సంటైల్ పద్ధతిలో (పైనున్న 5 శాతం నమూనాలు వదిలేసి, మిగిలినవాటిలో గరిష్ఠానికి బిల్లు) ఉంటే, 30 రోజుల నెలలో 8,640 నమూనాలు వస్తాయి, పైనున్న 432 తీసేస్తారు. అంటే 36 గంటల పీక్ లెక్కలోకి రాదు. రోజుకు గంటంపావు మించి పీక్ ఉంటే ఆ లాభం మీకు దక్కదు.

రెండు 1 జీ లింకులు జతచేసి నడపాలనుకుంటే హ్యాష్ పద్ధతి, అంటే ఏ ట్రాఫిక్ ఏ లింకు మీద పోవాలో తేల్చే లెక్క, చూసుకోండి. పై కంపెనీ రౌటర్‌కూ మీ రౌటర్‌కూ మధ్య మ్యాక్ (పరికరాల హార్డ్‌వేర్) చిరునామాలు రెండే. మ్యాక్ మీద హ్యాష్ పెడితే ట్రాఫిక్ అంతా ఒకే లింకు మీదికి పోయి, రెండోది ఖాళీగా ఉంటుంది. ఐపీ, పోర్ట్ నంబర్ల మీద హ్యాష్ పెట్టాలి, రెండు వైపులా. వీలుంటే నేరుగా 10 జీకి పోవడమే మంచిది. పది కిలోమీటర్ల లోపు అయితే ఎల్‌ఆర్ రకం ఆప్టిక్ (ఫైబర్‌లోకి కాంతి పంపే మాడ్యూల్) సరిపోతుంది.

లీజ్డ్ సర్క్యూట్‌కు గరిష్ఠ ధర ఉందన్నారు?

దేశంలోపల పాయింట్ టు పాయింట్ సర్క్యూట్లలో ఈ1, డీఎస్3, ఎస్‌టీఎం-1, ఎస్‌టీఎం-4 సామర్థ్యాలకు ట్రాయ్ 2014 సవరణలో గరిష్ఠ ధరలు పెట్టింది. ఇంటర్నెట్ లీజ్డ్ లైన్‌కు అది వర్తించదు. పాత ఎస్‌టీఎం సర్క్యూట్ తీసేసి ఈథర్‌నెట్ ఇస్తామని కంపెనీ అంటే, సాంకేతికంగా మంచిదే. కానీ గరిష్ఠ ధర రక్షణ ఉన్న సర్క్యూట్ నుంచి మీరు బయటికి పోతున్నారని గుర్తుంచుకొని రేటు మాట్లాడండి. రూటు కూడా అడగండి. హైదరాబాద్ నుంచి జనగామ మీదుగా జాతీయ రహదారి 163 వెంట వచ్చే ఫైబర్ ఒక్కదాని మీదే ఉంటే, రోడ్డు పనిలో ఒక జేసీబీ చాలు మొత్తం పడిపోవడానికి. రెండో రూటు కరీంనగర్ వైపు నుంచి 563 వెంట ఉంటే నయం.

ఓఎన్‌యూలు మార్చాల్సి వస్తుందా?

కొన్నింటిని మార్చాలి. పాత సింగిల్ పోర్ట్ ఓఎన్‌యూల్లో చాలావాటికి ల్యాన్ పోర్ట్ ఫాస్ట్ ఈథర్‌నెట్, అంటే గరిష్ఠం 100 ఎంబీపీఎస్. దాని మీద స్పీడ్ టెస్ట్ 94 దగ్గర ఆగిపోతుంది. 100 ప్లాన్ ఇచ్చి 94 చూపిస్తే ఫోన్లు మొదలవుతాయి. 150, 200 స్లాబ్‌కు పోతుంటే గిగాబిట్ పోర్ట్ తప్పదు. 2.4 గిగాహెర్ట్జ్ వైఫై మాత్రమే ఉన్న డబ్బా అయితే, పోర్ట్ గిగాబిట్ అయినా ఫోన్‌లో 40, 50 దాటకపోవచ్చు. కస్టమర్‌కు ముందే చెప్పాలి.

కాంతి లెక్క కూడా చూడాలి. రెండు 1:8 స్ప్లిట్టర్లు (ఒక ఫైబర్‌ను ఎనిమిదిగా విడదీసేవి) వరసగా వేస్తే సుమారు 21 డీబీ (కాంతి నష్టం కొలత) పోతుంది. 5 కిలోమీటర్ల ఫైబర్‌కు కిలోమీటరుకు 0.35 చొప్పున 1.75, కనెక్టర్లు, స్ప్లైస్‌లకు 2. మొత్తం 24.75 డీబీ. ఓఎల్‌టీ +3 డీబీఎం (కాంతి బలం కొలత) పంపితే ఇంటిదగ్గర మైనస్ 21.75 రావాలి. బీ ప్లస్ రకం ఆప్టిక్‌కు పనిచేసే అంచు మైనస్ 27. మైనస్ 25 దాటినవి మార్పుకు ముందే బాగుచేయండి. తక్కువ స్పీడులో బయటపడని ప్యాకెట్ నష్టం 100 దగ్గర బఫరింగ్‌గా కనిపిస్తుంది, నింద కొత్త స్లాబ్ మీద పడుతుంది.

జీపాన్ (గిగాబిట్ రకం పాన్) పోర్ట్ మొత్తం డౌన్‌లోడ్ 2.488 జీబీపీఎస్, 64 మంది పంచుకుంటారు. రాత్రి 9 గంటలప్పుడు ఆ పోర్ట్ 70 శాతం దాటుతుంటే రెండుగా విడదీయండి. కొత్త పరికరాలు కొనేటప్పుడు లైసెన్స్ ఉన్నవాళ్లు 2021 జూన్ 15 నుంచి అమల్లో ఉన్న విశ్వసనీయ మూలాల నిబంధన మర్చిపోవద్దు. దానికోసం పెట్టిన ప్రభుత్వ పోర్టల్‌లో ఆమోదం ఉన్న ఉత్పత్తినే నెట్‌వర్క్‌కు కలపాలి.

మార్పు ఏ వరసలో చేయాలి?

ఒక పాన్ పోర్ట్‌తో మొదలుపెట్టండి, 40 నుంచి 60 ఐడీలు. పోర్ట్ లెక్కన చేస్తే, ఏదైనా తప్పితే ఫోన్లన్నీ ఒకే వాడ నుంచి వస్తాయి, కారణం తొందరగా దొరుకుతుంది. అక్షర క్రమంలో ఐడీలు మారిస్తే ఊరంతా ఒక్కొక్కటి చొప్పున పడిపోయి లైన్‌మన్ తిరగలేక అలిసిపోతాడు.

సమయం తెల్లవారుజామున 4 నుంచి 6 మధ్య. అర్ధరాత్రి చేస్తే గ్రాఫ్ ఖాళీగా ఉంటుంది కానీ పొద్దున్నే లైన్ మీదికి మనిషి దొరకడు. ఇంటర్ ఫలితాల రోజు, ఇంజినీరింగ్ వెబ్ కౌన్సెలింగ్ రోజుల్లో, క్రికెట్ పెద్ద మ్యాచ్ ఉన్నరోజు వద్దు. తాడ్వాయి, ములుగు వైపు పనిచేసేవాళ్లు రెండేళ్లకోసారి వచ్చే మేడారం జాతర ముందు వెనక రెండేసి వారాలు ఏ మార్పూ పెట్టుకోవద్దు.

మొదట రేడియస్‌లో కొత్త ప్రొఫైల్ తయారుచేసి రెండు పరీక్ష ఐడీల మీద చూడండి. తర్వాత బ్యాచ్ ఐడీలను కొత్త ప్రొఫైల్‌కు మార్చి, సీఓఏ (నడుస్తున్న సెషన్‌ను మార్చమని రౌటర్‌కు పోయే ఆదేశం) పంపండి. స్పీడ్ టెస్ట్ కేబుల్‌తో చేయండి, వైఫైతో వద్దు. 24 గంటలు ఆగి, ఫోన్లు మామూలుగా ఉంటే తర్వాతి పోర్ట్.

మార్చాం, కానీ సగం మందికి పాత స్పీడే వస్తోంది. ఎందుకు?

రేడియస్‌లో ప్రొఫైల్ మార్చినంత మాత్రాన నడుస్తున్న సెషన్ మారదు. కస్టమర్ మళ్లీ లాగిన్ అయినప్పుడో, సీఓఏ అందినప్పుడో మారుతుంది. సీఓఏ యూడీపీ 3799 పోర్ట్ మీద వస్తుంది. బ్రాస్ ఫైర్‌వాల్‌లో అది మూసి ఉంటే ప్యానెల్ "పంపాం" అని చూపిస్తుంది, రౌటర్‌కు ఏమీ అందదు.

మైక్రోటిక్ రౌటర్ వాడేవాళ్లు రేట్ లిమిట్ అంకెల వరస చూడండి. అది రౌటర్ వైపు నుంచి రాసింది కాబట్టి మొదటి అంకె కస్టమర్ అప్‌లోడ్, రెండోది డౌన్‌లోడ్. రెండు వైపులా ఒకే స్పీడు ఉన్న పాత ప్లాన్‌లో ఈ తప్పు కనిపించదు. 50 అప్, 100 డౌన్ ఉన్న కొత్త స్లాబ్‌లో బయటపడుతుంది.

ఇంకా ఒకటి: పాలిసర్‌లో (స్పీడు మించిన ప్యాకెట్లను ఆపే సెట్టింగ్) బర్స్ట్ సైజు, అంటే ఒక్కసారిగా వదిలే డేటా, పాతదే ఉంచేయడం. 30కి సరిపోయిన బర్స్ట్ 100కు చాలదు. ప్యాకెట్లు మధ్యలో పడిపోయి టీసీపీ మాటిమాటికీ వెనక్కి తగ్గుతుంది, టెస్ట్‌లో 60, 70 మధ్య ఊగుతుంది. రేటు ఎన్ని రెట్లు పెరిగితే బర్స్ట్ కూడా అన్ని రెట్లు పెంచండి.

కస్టమర్లకు ఏమని చెప్పాలి?

తెలుగులో, తేదీతో, రూపాయలతో. ఇట్లా ఉంటే చాలు: "మీ 30 ఎంబీపీఎస్ ప్లాన్ ఫలానా తేదీ నుంచి ఉండదు. మీరు కట్టిన గడువు ముగిసేదాకా అదే రేటుకు 100 ఎంబీపీఎస్ వస్తుంది. ఆ తర్వాత నెలకు ఇంత. వద్దనుకుంటే ఫలానా తేదీలోగా చెప్పండి, మిగిలిన డబ్బు, డిపాజిట్ వాపసు ఇస్తాం." 30 రోజుల ముందు ఒకటి, 7 రోజుల ముందు ఒకటి పంపండి. ఫోన్ చూడని పెద్దవాళ్ల ఇళ్లకు కలెక్షన్‌కు పోయినప్పుడు కాగితం ఇవ్వండి. "స్పీడ్ ఫ్రీగా పెంచాం" అని రాసి వచ్చే నెల బిల్లు పెంచడం నమ్మకాన్ని పోగొట్టే పని. అట్లా చేయొద్దు.

కస్టమర్ ఒప్పుకోకపోతే ఎక్కడికి పోతాడు?

ముందు కంపెనీ ఫిర్యాదు కేంద్రానికి, డాకెట్ నంబరు ఇవ్వాలి. తేలకపోతే 2012 ఫిర్యాదుల నిబంధనల కింద ఆ కంపెనీలోనే ఉండే అప్పీలు అథారిటీకి, దానికి ఫీజు లేదు, 39 రోజుల్లో తేల్చాలి. ట్రాయ్ విడి ఫిర్యాదులు వినదు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో టెలికాం సేవ పేరు నేరుగానే ఉంది, జిల్లా కమిషన్ ఇట్లాంటి కేసులు వినొచ్చని సుప్రీంకోర్టు 2022 ఫిబ్రవరిలో స్పష్టం చేసింది. కట్టిన మొత్తం 5 లక్షల లోపు అయితే కమిషన్‌లో ఫీజు కూడా లేదు.

స్టాటిక్ ఐపీ ఉన్న దుకాణాలు, ఆస్పత్రులు, సీసీ కెమెరాల వాళ్లు?

వీళ్లను చివరి బ్యాచ్‌లో పెట్టి, ఒక్కొక్కరికీ ఫోన్ చేసి చేయండి. కొత్త స్లాబ్ వేరే ఐపీ పూల్‌లో ఉంటే డీవీఆర్ చూసే యాప్, బిల్లింగ్ సాఫ్ట్‌వేర్, వీపీఎన్ అన్నీ ఆగిపోతాయి. పాత ఐపీ ఉంచమని పై కంపెనీని ముందే అడగండి.

పై కంపెనీనే మార్చేస్తే?

లైసెన్స్ ఉన్నవాళ్లకు ఇది నిజమైన దారి. ఐపీ చిరునామాలు పై కంపెనీవి అయితే వదిలేయాలి. ఐఆర్‌ఐఎన్‌ఎన్ (మన దేశంలో ఐపీ చిరునామాలు కేటాయించే సంస్థ) దగ్గర మీ పేరున తీసుకున్న చిరునామాలు, ఏఎస్ నంబరు (ఇంటర్నెట్‌లో మీ నెట్‌వర్క్ గుర్తింపు) ఉంటే కస్టమర్ వైపు ఏదీ మారదు. కనీసం 15 రోజులు రెండు లింకులూ కలిపి నడపండి, పాతదాని నోటీసు గడువు అప్పటిదాకా ముగియకుండా చూసుకోండి. పాత లింకు మీద నడిచిన కాలపు నాట్ లాగ్‌లు (ఏ కస్టమర్ ఏ పబ్లిక్ ఐపీ, పోర్ట్ వాడాడో చూపేవి), యూజర్ సెషన్ రికార్డులు 2 సంవత్సరాలు దాచాలి. పోలీసుల నుంచి ఐపీ, పోర్ట్, సమయం ఇచ్చి వివరాలు అడిగే లేఖ నెలల తర్వాత కూడా వస్తుంది. పాత సర్వర్ అమ్మే ముందు ఆ లాగ్‌లను వేరే డిస్క్‌లోకి ఎక్కించి, తెరుచుకుంటున్నాయో లేదో ఒక తేదీ వెతికి చూడండి.